ముందు బస్టాపులు ఖాళీ చేయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను పాత గాజువాక నుంచి ద్వారకానగర్‌లో ఉన్న ఆఫీసుకి రోజూ సిటీ బస్సులోనే వెళ్లొస్తాను. పన్నెండేళ్లుగా ఇదే దారి. పొద్దున్న 8.10కి స్టాపులో నిలబడతాను, తొమ్మిదిన్నరకి సీట్లో ఉండాలి. చెప్పుకోడానికి పెద్ద దూరమేం కాదు. అయినా ఏ రోజు టైంకి చేరతానో, ఏ రోజు చేరనో ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు చెప్పలేను. నెలలో మూడు లేట్లయితే ఒక పూట జీతం పోతుంది. అందుకే కాకానినగర్ దాటేదాకా మా బస్సులో సగం మంది కళ్లు గడియారం మీదే ఉంటాయి.

విశాఖ ట్రాఫిక్ అనగానే ఫ్లైఓవర్ల గురించి, మెట్రో గురించి మాట్లాడతారు. నేను అడిగేది వాటికంటే చాలా చిన్నది. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బస్సు స్టాపులోకి వచ్చి ఆగే వీలు కల్పించండి. మా టైమంతా ఎక్కువగా పోయేది అక్కడే.

మొన్న సోమవారం జరిగింది చెబుతాను. బస్సు వచ్చింది. స్టాపు ముందు షేర్ ఆటోలు ఐదారు వరసగా నిలబడి ఉన్నాయి, వాటిని ఆనుకుని జామకాయల బండి. ఆగడానికి జాగా లేక డ్రైవర్ బస్సుని రోడ్డు మధ్యలోనే ఆపాడు. మేమంతా ఆటోల సందుల్లోంచి రోడ్డు మీదికి పరిగెత్తాం. ముందు డోరు దగ్గర ఒక పెద్దావిడ, ఒక చేతిలో సంచి, మెట్టు ఎత్తుగా ఉండి కాలు అందక ఆగిపోయింది. వెనక లారీ, దాని వెనక కాలేజీ బస్సు, ఒకటే హారన్లు. కండక్టర్ లోపల్నుంచి "జరగండమ్మా, లోపలికి జరగండి" అని అరుస్తున్నాడు. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని ఆవిణ్ని పైకి ఎక్కించాం. ఫోన్లో టైం చూస్తే, బస్సు ఆగి మళ్లీ కదలడానికి మూడు నిమిషాల పైనే పట్టింది. అదే బస్సు ఫుట్‌పాత్ పక్కకొచ్చి ఆగి ఉంటే నిమిషంలో అందరం ఎక్కేసేవాళ్లం.

మూడు నిమిషాలే కదా అనుకోవద్దు. అది అక్కడితో ఆగదు. పది నిమిషాలకో బస్సు ఉందనుకోండి. ముందు బస్సు మూడు నిమిషాలు లేటైతే, తర్వాతి స్టాపులో పది నిమిషాల జనం బదులు పదమూడు నిమిషాల జనం దాని కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్లు ఎక్కడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, బస్సు ఇంకా వెనకబడుతుంది. దాని వెనక వచ్చే బస్సుకి ఏడు నిమిషాల జనమే మిగులుతారు. అది తేలిగ్గా వచ్చేసి ముందుదాన్ని పట్టేసుకుంటుంది. అరగంట ఒక్క బస్సూ లేకుండా పోయి, ఆ తర్వాత రెండు మూడు ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చేది ఇందుకే. డ్రైవర్లని, కండక్టర్లని తిట్టి లాభం లేదు. వాళ్లు కావాలని చేసేది కాదిది.

ఈమధ్య శీలానగర్ స్టాపులో ఒక పిల్ల, చేతిలో హాల్ టికెట్ ఫైలు, బస్సు వెంట పరిగెత్తింది. ఫుట్‌బోర్డు మీద కూడా మనుషులున్నారు. "ఆపు బాబూ, పరీక్ష పిల్ల" అని బస్సంతా అరిచినా ఆపే వీల్లేకపోయింది. కాకానినగర్ సిగ్నల్ దగ్గర అదే నంబరు బస్సు ఇంకొకటి మా పక్కనే వచ్చి ఆగింది. అందులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ పిల్ల దాంట్లో ఎక్కిందో, కంగారులో ఆటో మాట్లాడుకుందో నాకు తెలీదు. ఆ మొహం మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

మన ఊరి నైసర్గిక స్వరూపం కూడా దీనికి తోడైంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు, మధ్యలో పోర్టు, ఎయిర్‌పోర్టు. ఊరు పొడుగ్గా సాగిందే తప్ప వెడల్పుకి చోటు లేదు. కూర్మన్నపాలెం నుంచి మధురవాడ దాకా జాతీయ రహదారే మనకి మెయిన్ రోడ్డు. ఒక స్టాపులో బస్సు అడ్డంగా ఆగిందంటే తప్పుకుని వెళ్లడానికి సందు రోడ్డు ఉండదు. సబ్బవరం మీదుగా ఆనందపురం - అనకాపల్లి రోడ్డు వచ్చాక ఊరి మీదుగా పోయే బళ్లకి వేరే దారి దొరికింది. ఎన్ఏడీ కూడలి దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక నేరుగా వెళ్లే బళ్లకీ తేలికైంది. కానీ ఫ్లైఓవర్ పైన స్టాపు ఉండదు కదా. మేము ఎక్కాలన్నా దిగాలన్నా బస్సు కింద నుంచే రావాలి. ఆ కింద ఆటోలు, తోపుడు బళ్లు, గోపాలపట్నం వైపు తిరిగే బైకులు అన్నీ స్టాపు ముందే.

ఆటోవాళ్ల మీద నాకు కోపం లేదు. రాత్రి బస్సు దొరకనప్పుడు ఇంటికి చేర్చేది వాళ్లే. వాళ్లకీ ఒక చోటు కావాలి. స్టాపుకి యాభై అడుగులు ముందుకి గీత గీసి వాళ్లని అక్కడ నిలబెట్టుకోమనండి. ఎనిమిది నుంచి పది దాకా ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ గానీ హోంగార్డు గానీ సిగ్నల్ దగ్గర కాకుండా స్టాపు దగ్గర నిలబడితే చాలు.

రెండో మాట టికెట్ల గురించి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. నాలాంటి జీతగాళ్లకి నెల తిరిగేసరికి చేతిలో మిగిలే డబ్బు అది. మా వీధిలో ఇళ్లలో పనిచేసుకునే వాళ్లకైతే ఇంకా పెద్ద ఊరట. ఆడవాళ్ల వల్లే బస్సులు లేటవుతున్నాయని వెనక సీట్లలో అనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ మాట వింటే మనసుకి కష్టంగా ఉంటుంది. జనం పెరిగారు నిజమే. అయితే ఎక్కే పద్ధతి మాత్రం పాతదే ఉంది. ఆడవాళ్లంతా ముందు డోరు దగ్గరే తోసుకుంటాం, వెనక డోరు దగ్గర అంత రద్దీ ఉండదు. లోపల ఒక్క కండక్టర్ ఆ గుంపులో దూరి ఒక్కొక్కరి ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టాలి, మగవాళ్లకి చిల్లర ఇవ్వాలి. టికెట్ ధర మారే స్టేజీ దగ్గరికొచ్చేసరికి టికెట్లు పూర్తి కాకపోతే బస్సు పక్కన ఆపుకోవాల్సి వస్తోంది. గాజువాక, ఆర్టీసీ కాంప్లెక్స్, మద్దిలపాలెం లాంటి పెద్ద స్టాపుల్లో ఆ రెండు గంటలు ఒక మనిషిని మిషన్‌తో కిందే నిలబెట్టి, బస్సు రాకముందే టికెట్లు కొట్టేస్తే సగం భారం తగ్గుతుంది. రెండు డోర్లలోనూ అందరినీ ఎక్కనివ్వండి. మేమేం అనుకోం.

బస్సులు గుంపుగా వచ్చేదానికి ఎన్ఏడీ లాంటి చోట ఒక కంట్రోలర్ ఉండి, రెండు కలిసి వస్తే వెనకదాన్ని కాసేపు ఆపాలి. గాజువాకలోనే నిండిపోయిన బస్సులు నాతయ్యపాలెం, శీలానగర్ వాళ్లకి ఎలాగూ పనికిరావు. వాళ్ల కోసం రెండు మూడు ఖాళీ బస్సులు అక్కడి నుంచే బయల్దేరదీయొచ్చు.

మా చెల్లెలు వేపగుంటలో ఉంటుంది. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా పెందుర్తి రోడ్డు చూస్తాను. కేంద్రం 2005లో తెచ్చిన పట్టణ పునరుద్ధరణ పథకం డబ్బుతో బీఆర్‌టీఎస్ అని పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి, రెండు కారిడార్లు తలపెట్టారు. రోడ్డు మధ్యలో బస్సులకని విడిగా లైన్లు వేశారు. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ లైన్లలో కార్లూ బైకులే కనిపించాయి. కొత్తగా కట్టమని అడగడం లేదు, ఉన్న లైన్లు ఆ నాలుగు గంటలు బస్సుకి వదిలిపెట్టమంటున్నాను.

విశాఖ మెట్రో మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. రావాలి, వస్తే సంతోషం. వచ్చిన రోజున కూడా స్టేషన్ దాకా తీసుకెళ్లాల్సింది బస్సే.

ఒక్క నెల, నాలుగు స్టాపులు చాలు: గాజువాక, ఎన్ఏడీ, గురుద్వారా, మద్దిలపాలెం. ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసులు, మన నగరపాలక సంస్థ జీవీఎంసీ కలిసి చేస్తే తప్ప ఇది అవదు, ఎందుకంటే బస్సు ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, బళ్లు తీయించే అధికారం మరొకరిది. ముగ్గురిలో ఏ అధికారి వచ్చి చూస్తానన్నా సంతోషమే. పొద్దున్న 8.10కి నేను గాజువాక స్టాపులోనే ఉంటాను. బస్సు ఎక్కడ ఆగుతుందో చూపిస్తాను.

ఇట్లు,
ఒక సిటీ బస్సు ప్రయాణికురాలు,
పాత గాజువాక, విశాఖపట్నం