‘టికెట్ క్లోజ్డ్’ అన్న మీ సందేశానికి జవాబు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మీ దగ్గర కొన్న రసాయనం సీసా మీద నా ఫిర్యాదును (మీ భాషలో ‘టికెట్’) మూసేశామన్నారు, దానికే ఈ జవాబు. ఆర్డర్ నంబరు ఇందులో రాయడం లేదు. మీ కస్టమర్ కేర్‌లో ఫోనెత్తిన ప్రతివారికీ అప్పజెప్పాను. ఈపాటికి మీ ఆఫీసు గోడలకు కూడా కంఠతా వచ్చి ఉంటుంది.

నేను సయనోటైప్ ప్రింట్లు వేస్తాను. ఇనుప లవణాలు ఇంట్లోనే కలిపి, కాగితానికి పూసి, ఎండలో పెట్టి, నీళ్లలో కడిగితే నీలం బొమ్మ వస్తుంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఇంజనీర్ల బ్లూప్రింట్లు ఇందులోంచి వచ్చినవే. కావలసినవి రెండే: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్. రెండోది ఎర్రటి స్ఫటికాలు. మీ సీసాలో లేత పసుపువి వచ్చాయి, అంటే ఫెర్రోసైనైడ్, పేరు దగ్గరే గానీ వేరే మందు. అనుమానం తీరక కాస్త కలిపి చూశాను. చీకటి గదిలో, ఎండ పొడ సోకకముందే, గ్లాసులోనే నీలం తిరిగిపోయింది. సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ సీసా ఖరీదు కోసం నేను ఇంత కాగితం ఖరాబు చేయను.

నా కడుపుమంటంతా ఆ తర్వాతి భాగోతం గురించి.

మొదట ఫోనెత్తిన అమ్మాయి, “సార్, బాటిల్ మీద ఫెర్రిసైనైడ్ అనే ఉంది కదా సార్” అంది. బాటిల్ మీద ఉందమ్మా, బాటిల్లో లేదు అన్నాను. ఫొటో పంపమంది, పంపాను. రంగు సరిగా కనపడట్లేదట, వెలుతురులో తీయమన్నారు. తీశాను. “అయ్యో, సీల్ ఓపెన్ చేసేశారు సార్, ఇక రిటర్న్ కుదరదు” అన్నారు. ముదురు గోధుమరంగు సీసా అది. సీలు తీయకుండా లోపలున్నది చూడాలంటే దివ్యదృష్టి కావాలి. మీ కేటలాగ్‌లో వెతికాను, మీరు అమ్మడం లేదు.

పైవాళ్లకు ఇమ్మంటే ఒక కుర్రాడు లైన్లోకి వచ్చాడు. మందు పేరు వినగానే గొంతు తగ్గించి, “సైనైడా సార్? ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారు?” అని నన్నే నిలదీశాడు. అందులో సైనైడ్ ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుందని, గాఢమైన ఆమ్లాలు కలపకుండా, వేడి చేయకుండా జాగ్రత్తగా వాడుకోవచ్చని, అసలు అమ్మింది మీరేనని ఓపిగ్గా చెప్పాను. సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కు కలుపుతున్నానన్నాడు. సన్నాయి వాయించారు, లైను కట్ చేశారు. మళ్లీ చేస్తే కథ మొదటికొచ్చింది: “లేబుల్ మీద ఏముంది సార్?”

ఇక మీ టెక్నికల్ టీమ్ వారి ఈమెయిల్‌ను ఫ్రేము కట్టించుకుందామనుకుంటున్నాను. “మీరు వాడుతున్న ప్రింటర్ మోడల్, సీరియల్ నంబరు పంపగలరు” అట! నా ప్రింటర్ సూర్యుడండీ. సీరియల్ నంబరు నాకు తెలియదు. ఆ జవాబే రాశాను. మర్నాడు మీ సందేశం: “మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ క్లోజ్డ్. మా సేవలకు రేటింగ్ ఇవ్వండి.”

ఈ తిప్పుడులో వేసవి కాస్తా వెళ్లిపోయింది. బెజవాడ మే నెల ఎండకు ఈ పనికి తిరుగులేదు. మా వీధి పిల్లలు వేపరెబ్బలు, చింతాకులు పాత పేపర్ల మధ్య ఒత్తి ఆరబెట్టి తెచ్చారు. 1843లోనే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ ఈ పద్ధతిలో సముద్రపు నాచు బొమ్మలు అచ్చు వేసిందని చెప్పి నేనే ఊరించాను. “తాతయ్యా, మందు వచ్చిందా?” అని రోజూ గేటు దగ్గర నిలబడేవారు. వానలు పడ్డాయి, బళ్లు తెరిచారు, అడగడం మానేశారు. దీనికి మీ దగ్గర టికెట్ ఉందా?

ఫొటో స్టూడియో నడిపిన రోజుల నుంచీ మీ సరుకే వాడాను. హైపో, మెటాల్, హైడ్రోక్వినోన్, ఫొటోలు కడిగే ఆ మందులన్నీ మీ దగ్గరే. తోటి స్టూడియోలవాళ్లనూ మీ దగ్గరికే పంపాను. మీ నాన్నగారి హయాంలో డబ్బా తడిసి వచ్చిందని కార్డు ముక్క రాస్తే, తర్వాతి పార్సిల్లో ఇంకో డబ్బా, తన చేత్తో రెండు మాటలు రాసిన చీటీ పెట్టి పంపేవారు. అప్పుడు మీకు యాప్ లేదు మరి, పాపం.

ఇప్పుడు సీసా మారుస్తారో, డబ్బే తిరిగిస్తారో మీ ఇష్టం. ఆ సీసా మూత తీసి చూసిన మనిషి ఎవరైనా ఒకరు నాతో మాట్లాడాలి. మిగతా సీసాల్లోనూ ఇదే పసుపు సరుకు ఉందేమో చూశారా, లేదా? అది కూడా చెప్పాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫిర్యాదులు చూడాల్సిన మీ గ్రీవెన్స్ ఆఫీసరు ఎవరో వెబ్‌సైట్‌లో భూతద్దం పెట్టి వెతికినా కనపడలేదు. ఇదే వరస సాగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే ఆ సీసా తీసుకెళ్లి జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పెడతాను. నేను రిటైరైనవాణ్ణి, తిరగడానికి తీరిక ఉంది.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, రసీదు దాచుకుంటాను. జవాబు కాగితం మీద, సంతకంతో రావాలి. ‘డియర్ కస్టమర్’ అని మొదలైతే చదవను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
విజయవాడ