వార్షిక నివేదిక: జిన్‌గ్వాషి, జియుఫెన్ గనుల యాత్ర

సభ్యులకు నమస్కారం.

ఉగాది, సంక్రాంతి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి, జమాఖర్చులు విడిగా ఇస్తున్నాం. ఈ నివేదికలో తైవాన్‌లోని పాత బంగారు గనుల ఊళ్లు జియుఫెన్, జిన్‌గ్వాషిల యాత్ర గురించే ఎక్కువ చెప్పాలి. చుట్టాలు వచ్చినప్పుడల్లా మనవాళ్లు జియుఫెన్ బజారు తిప్పి వెనక్కి తెచ్చేస్తున్నారు. గనిలోకి అడుగుపెట్టాలంటే ఇంకాస్త ముందుకు, జిన్‌గ్వాషికి వెళ్లాలి.

1890లో రైలు వంతెన కడుతుంటే కీలుంగ్ నది ఇసుకలో బంగారం కనబడింది. 1896లో జపాన్ పాలకులు కీలుంగ్ కొండను హద్దుగా పెట్టి, పడమటి జియుఫెన్‌ను ఫుజిటా సంస్థకు, తూర్పు జిన్‌గ్వాషిని తనాకా సంస్థకు అప్పగించారు. 1942 నుంచి జపాన్ వాళ్లు యుద్ధఖైదీలతో జిన్‌గ్వాషిలో రాగి తవ్వించారు. వాళ్ల స్మారకం దగ్గర కాసేపు ఆగండి. జియుఫెన్ గని 1971లో, జిన్‌గ్వాషి కంపెనీ 1987లో మూతపడ్డాయి. జియుఫెన్‌లో తీసిన ‘ఎ సిటీ ఆఫ్ శాడ్‌నెస్’ సినిమా 1989లో వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ గెలవడంతో ఆ ఊరికి జనం పోటెత్తారు. జిన్‌గ్వాషిలో గోల్డ్ మ్యూజియం 2004లో తెరిచారు.

చిత్తూరు వైపు నుంచి ఎందరో పనికి వెళ్లిన కోలారు గనులు 2001లో మూతపడి, సొరంగాల్లోకి నీళ్లు చేరాయి. ఇక్కడ హెల్మెట్ పెట్టుకుని లోపలికి నడవొచ్చు. ఆ అవకాశం వదులుకోవద్దు.

తైపే నుంచి రుయిఫాంగ్‌కు రైలు, అక్కడ 788 లేదా 827 బస్సు. బస్టాప్ స్టేషన్ ఎదురుగా ఉండదు, కొన్ని నిమిషాలు నడవాలి. జియుఫెన్‌లో దిగకుండా పొద్దున్నే నేరుగా జిన్‌గ్వాషి చేరండి. ముందు జియుఫెన్‌లో దిగితే, మధ్యాహ్నానికి అక్కడ ఆగే బస్సులు నిండిపోయి ఎక్కడానికి చోటుండదు, జిన్‌గ్వాషి గని సొరంగం చూసే సమయం దాటిపోతుంది. వరుస తిప్పడమే మందు. సొరంగానికి టికెట్ వేరు. మ్యూజియంలో 220 కిలోల బంగారు దిమ్మెను చేత్తో తాకవచ్చు. నెలలో మొదటి సోమవారం మ్యూజియానికి సెలవు.

బంగారు జలపాతానికి 891 బస్సు ఉంది. వాననీరు పాత సొరంగాల్లో పైరైట్ అనే ఇనుము, గంధకం ఉన్న ఖనిజాన్ని తాకి ఆమ్లంగా మారుతుంది, ఇనుమును కరిగించుకుని బయటికొచ్చి రాళ్లకు పసుపు పూత పూస్తుంది. అందులో ఆర్సెనిక్, రాగి కూడా ఉంటాయి. పిల్లల్ని కాళ్లు పెట్టనివ్వకండి, సీసాల్లో పట్టనివ్వకండి.

గని కార్మికుల డబ్బా భోజనంలో పంది మాంసం ఉంటుంది. శాకాహారులు పులిహోర కట్టుకుని రావాలి. జియుఫెన్‌లో చేమదుంప ఉండలు తినొచ్చు. చలికాలం ఈశాన్య గాలికి వాన ఆగదు, మెట్లు జారతాయి. గొడుగు నిలవదు, రెయిన్‌కోటు, పట్టున్న బూట్లు తెచ్చుకోండి.

వచ్చే ఏడాది రుయిఫాంగ్ తర్వాతి స్టేషన్ హౌటాంగ్‌లో బొగ్గు గనిని చూద్దామని కార్యవర్గం అనుకుంటోంది. మీ అభిప్రాయం సర్వసభ్య సమావేశంలో చెప్పండి.