చెప్పులు విప్పించి, పాదాలు చూడరా?

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నకు 14 ఏళ్లుగా షుగర్. మొన్న మే నెలలో మిట్టమధ్యాహ్నం మా వీధి చివరి గుళ్లో 11 ప్రదక్షిణలు చేసొచ్చి, అన్నం తిని హాయిగా పడుకున్నారు. సాయంత్రం అమ్మ పక్క దులుపుతుంటే దుప్పటి మీద తడి కనిపించింది. చూస్తే రెండు అరికాళ్లకూ బొబ్బలు, ఒకటి అప్పటికే చితికిపోయింది. ఆయనేమో "నొప్పేం లేదే" అంటారు! నొప్పి లేదు కదా అని మేమూ ఊరుకున్నాం చూడండి, అక్కడే దెబ్బతిన్నాం. అమ్మ పసుపు అద్దింది, నేను ఇంట్లో ఉన్న ఏదో ఆయింట్‌మెంట్ రాశాను. పది రోజులకు చీము పట్టింది. చివరికి కుడికాలి చిటికెన వేలు తీసేశారు.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుందని, రక్తం సరిగా అందకపోతే పుండు ఒక పట్టాన మానదని ఆపరేషన్ చేసిన డాక్టర్ చెబితేగానీ మాకు తెలియలేదు. నా కోపం ఇక్కడే. ఇన్నేళ్లుగా మూడు నెలలకోసారి చెకప్‌కు వెళ్తున్నాం. రక్తం తీస్తారు, బీపీ చూస్తారు, మాత్రలు మారుస్తారు. 'చెప్పులు బయటే విడవండి' అని తలుపు మీద బోర్డు కూడా ఉంటుంది, అంటే నాన్న ప్రతిసారీ ఉత్తికాళ్లతోనే ఆ కుర్చీలో కూర్చున్నారు, అయినా కిందికి చూసినవాళ్లు లేరు. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లోనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం తేల్చింది. వాళ్లందరి పాదాలూ ఎవరు చూస్తున్నారు?

పోనీ అదేమన్నా ఖరీదైన పరీక్షా అంటే, ఓ సన్నటి నైలాన్ పోగు. అరికాలికి ఆనిస్తే 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది, కళ్లు మూసుకున్న మనిషికి అది తగిలినట్టు తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఏడాదికి ఒక్కసారైనా ఈ పరీక్ష, పాదంలో నాడి చూడటం జరగాలి. మన బస్తీల్లోని చిన్న సర్కారు క్లినిక్‌లు, బస్తీ దవాఖానాల్లో షుగర్, బీపీ ఎలాగూ చూస్తున్నారు కదా, ఇదీ చేస్తే ఐదు నిమిషాల పని.

ఇంట్లో ఇప్పుడు మా పద్ధతి మారింది. రాత్రి పడుకునే ముందు నాన్న అరికాళ్ల కింద అద్దం పెట్టి చూసుకుంటారు, వేళ్ల సందులు తడి లేకుండా తుడుస్తారు. గోళ్లు తిన్నగా కత్తిరించడం నా డ్యూటీ. చెప్పులు వేసుకునేముందు లోపల రాయో రప్పో ఉందేమో దులపాలి, ఇంట్లో కూడా ఉత్తికాళ్లతో తిరగకూడదు (అమ్మతో దీని మీద రోజూ యుద్ధమే, ఇంట్లో చెప్పులేంటని). ఆనెలను బ్లేడుతో చెక్కుకోవడం మాత్రం పూర్తిగా బంద్. చిలుకూరు బాలాజీ గుళ్లో 108 ప్రదక్షిణలు చేస్తానని నాన్న మొక్కుకున్నారు, తెల్లవారుజామున ఎండెక్కకముందే, అదీ డాక్టర్ సరేనంటేనే అని ఒప్పించాం.

వచ్చే వారం మళ్లీ చెకప్. ఈసారి వెళ్లగానే రెండు కాళ్లూ స్టూలు మీద పెట్టి చూపించమన్నాను. డాక్టరు గారి ముందు కాళ్లు చాపడమేంటి, మర్యాద కాదని నాన్న ఇంకా మొహమాటపడుతూనే ఉన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్