మంత్రి గారూ, ఏఐ సంగతి సరే, మా రెండో టీచర్ ఎప్పుడొస్తారు?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రజావాణిలో నాలుగు సోమవారాలు అర్జీ ఇచ్చాం. నాలుగు రసీదులు జాగ్రత్తగా దాచుకున్నాం. జవాబు ఒక్కటీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బడిలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 34 మంది పిల్లలు, ఒక్కరే సారు. పిల్లలు 60 మంది లోపు ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఇది మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, క్షమించండి. మా మేడంను సర్దుబాటు పేరుతో వేరే మండలానికి పంపి ఏడాది దాటింది. దసరా తర్వాత వస్తారన్నారు, సంక్రాంతి తర్వాత అన్నారు. ఏ సంవత్సరం సంక్రాంతో చెప్పలేదు.

మేడం రాలేదు కానీ కంప్యూటరే పాఠం నేర్పే ఏఐ చదువు వచ్చింది. కంప్యూటర్లున్నది మాత్రం కిలోమీటరున్నర దూరంలోని హైస్కూల్లో. వారానికి రెండు రోజులు సారు పెద్ద తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి నడిపించుకుపోతారు. అప్పుడు ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో తెలుసా సార్? మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర. పప్పు కలుపుతూనే వాళ్లతో అఆలు దిద్దిస్తుంది. మొన్న ఆమె గంజి వారుస్తుంటే ఒక పిల్లాడు పొయ్యి దాకా వచ్చేశాడు. చొక్కా పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. పాఠం చెప్పినందుకు ఆమె జీతంలో ఏమైనా కలుపుతారా?

నేను ఏఐకి వ్యతిరేకిని కాను. నాలుగో తరగతి చదివే మా పాపకు ఆ కంప్యూటర్ అంటే ఇష్టం, తప్పు చెప్పినా కసరదట. కానీ మొన్న సారు పాపను "మా ఊరి చెరువు" గురించి రాసుకు రమ్మంటే, మా పెద్దోడు ఫోన్‌లో ఏఐని అడిగి రాయించాడు. మా చెరువులో పడవలు తిరుగుతాయట, గట్టున పూలతోట ఉందట! ఎండాకాలం వస్తే అందులో బర్రెలు మునగడానికి కూడా నీళ్లుండవు. సారు దానికి రైట్ కొట్టి సంతకం పెట్టారు. ఆయన్ను తప్పుపట్టను. ముఖం చూపించి హాజరు వేసే యాప్‌కు సిగ్నల్ అందక వేపచెట్టు కిందే సగం పొద్దు పోతుంది. పడవలెక్కడివే అని అడిగే తీరిక ఆయనకెక్కడిది?

2026-27 నుంచి మూడో తరగతిలోనే ఏఐ పాఠాలు మొదలుపెడతామంటోంది కేంద్రం. సంతోషం. మా మూడో తరగతికి గది లేదు, వరండా ఉంది.

రెండో తరగతిలో ఒక పాప ఉంది. తండ్రి దుబాయ్‌లో ఉంటాడు, తల్లి బీడీలు చుడుతుంది. మేడం ఉన్నప్పుడు పొద్దున్నే ఆ పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, ఊడిపోయిన జడ మళ్లీ అల్లుతూ "నాన్న ఫోన్ చేశాడా?" అని అడిగేది. ఇప్పుడు ఆ పాప ఎవరితోనూ మాట్లాడట్లేదు. ఈ సంగతి ఏ యాప్‌లో ఎక్కించాలో కూడా చెప్పండి.

మాకు ట్యాబులొద్దు, కొత్త కంప్యూటర్లూ వద్దు. మేడంను పంపండి, కుదరకపోతే ఇంకొకరిని పంపండి. సర్దుబాటు మీదైనా సరే, ఈసారి మా వైపు సర్దండి. వచ్చే సోమవారం ఐదో అర్జీతో వస్తున్నాం, ఆ రోజు కూలి పోతే పోయింది.

ఇట్లు,
అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఒక తల్లి