లేసు తీరిక పని కాదండీ

సంపాదకులకు నమస్కారం.

నర్సాపురం లేసుకు 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని చదివి సంబరపడి, లేసు అల్లే అమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, "అయితే ఏజెంటు కూలి ఏమన్నా పెంచుతాడా?" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మా వైపు పని ఇలా నడుస్తుంది. ఏజెంటు దారం ఇస్తాడు, డిజైనూ ఆయనే చెప్తాడు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, ఇంకో ఇంట్లో అతుకుతారు, కాజాకుట్టు వేసేవాళ్లు వేరే. ఇన్ని చేతులు దాటి అది టేబుల్ క్లాతో, దుప్పటో అయ్యి విదేశాలకు పోతే, అక్కడ ఎంతకి అమ్ముడైందో మొదటి పువ్వు అల్లినావిడకి తెలియనే తెలియదు. కూలి రోజు లెక్కన కాదు, అయిన దారం లెక్కన. ఇంకో పది రూపాయలు అడిగితే చైనా మిషన్ లేసు చవగ్గా దొరుకుతోందంటారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుంటే చీకటి పడేదాకా సూది ఆడుతూనే ఉంటుంది, అయినా ఎవరైనా అడిగితే అమ్మే "ఏదో ఊరికే కూర్చోలేక" అంటుంది. తంటా అంతా ఆ మాటతోనే.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికే వచ్చి పరిశోధన చేసి ఇదే చెప్పారు, వీళ్లని కార్మికులుగా కాక గృహిణులుగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉందని. ఇన్నేళ్లయింది. చేతివృత్తుల వాళ్ల కోసం 2023లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, అందులో కుట్టుపని ఉంది, పూలదండలు కట్టడం ఉంది, చేపల వలలు అల్లడమూ ఉంది. లేసు లేదు. వల అల్లితే వృత్తి, లేసు అల్లితే కాలక్షేపమా?

నేను పెద్దవేం అడగట్లేదు. ఆ జాబితాలో లేసు చేర్చాలి. హస్తకళల వాళ్లకిచ్చే పహచాన్ కార్డు కోసం ఊళ్లోనే క్యాంపు పెట్టాలి, ఎందుకంటే పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక నిజంగా లేనిది వీళ్లకే. ఇంకొకటి, అల్లే ప్రతి మనిషికీ ఒక చిన్న పుస్తకం, ఎంత దారం తీసుకుంది, ఎన్ని ఇచ్చింది, రేటెంత, ఏజెంటు సంతకం. పాలకేంద్రంలో అర లీటరు పోసినా చీటీ రాసిస్తారు కదా! మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు రెండు నెలల లెక్క చూద్దామంటే, అమ్మ దగ్గరున్నది క్యాలెండర్ మీద పెన్సిల్ గీతలు మాత్రమే.

ఇట్లు,
ఒక లేసు కార్మికురాలి కూతురు,
పశ్చిమ గోదావరి జిల్లా