ఇల్లు ఒక్కసారే గియ్యి నాన్నా

మస్కట్,
శుక్రవారం

నాన్నా,

నేను బాగానే ఉన్నాను. ఇవాళ సెలవు కాబట్టి పొద్దున్నే కాఫీ తాగి, నువ్వు ఆటోక్యాడ్‌లో గీసి పంపిన ఇంటి ప్లాను ఫైలు తెరిచి కూర్చున్నాను. ఫోన్లో చెబుదామంటే మధ్యలో ఎవరో ఒకరు నీ ఆఫీసుకి వస్తారు, మాట తెగిపోతుంది. అందుకే రాస్తున్నాను. కంప్యూటర్ ముందు పెట్టుకుని తీరిగ్గా చదువు.

ప్లాను చక్కగా ఉంది. మెట్ల కింద స్టోరు పెట్టిన తీరు నాకు బాగా నచ్చింది. కానీ ఆ ఫైల్లో ఒకే ఇల్లు మూడు చోట్ల ఉంది. 1:100లో మొత్తం ప్లాను, పక్కన వంటింటినీ బాత్రూంలనీ 1:50కి పెంచిన కాపీ, కింద కరెంటు పాయింట్లకి ఇంకో కాపీ. మొదటిదాంట్లో వంటింటి కిటికీ 4 అడుగులు, రెండోదాంట్లో 3 అడుగులు. అది చూడగానే అత్తయ్య వాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. బాత్రూం తలుపు ప్లానులో జరిపాం, పెద్ద డ్రాయింగులో జరపడం మర్చిపోయాం. మేస్త్రీ చేతిలో ఉన్నది ఆ పెద్దదే. కట్టిన గోడ పగలగొట్టించి ఇటుకల డబ్బు నువ్వే ఇచ్చావు, ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. నీ అంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళని నేను ఇక్కడా ఎక్కువ మందిని చూడలేదు. అయినా ఒక ఇంటిని మూడుసార్లు గీస్తే ఎవరికైనా ఎక్కడో ఒకచోట తప్పిపోతుంది.

ఎందుకలా గీస్తున్నావో నాకు తెలుసు. ట్రేసింగ్ షీటు మీద పనిచేసినన్నాళ్ళూ ముందు స్కేలు అనుకోవాలి, ఆ తర్వాతే మొదటి గీత. 1:100 అంటే మీటరు గోడకి సెంటీమీటరు గీత. అన్నేళ్ళు అలవాటైన చెయ్యి కంప్యూటర్లో కూడా ఇంటిని ముందే కుదించేస్తోంది. నీ ఫైల్లో 12 అడుగుల గదిని కొలిస్తే 36.58 మిల్లీమీటర్లు వచ్చింది. పైన 12 అడుగులని నువ్వు చేత్తో టైపు చేశావు. రేపు ఆ గోడ జరిగినా అంకె మారదు నాన్నా, నాకు భయమేసింది అక్కడే.

మోడల్ స్పేస్‌ని, అంటే ఆటోక్యాడ్‌లో నువ్వు ఇల్లు గీసే చోటుని, మన సైటు అనుకో. సైట్లో ఇంటిని ఎవరూ కుదించి కట్టరు కదా. 12 అడుగుల గది అక్కడ నిండుగా 3658 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలు గురించి ఆలోచించాల్సిన పనే లేదు. కింద లేఅవుట్ అని ట్యాబ్ ఉంటుంది చూడు, అదే పేపర్ స్పేస్. అది నీ బోర్డు మీద పిన్నులు గుచ్చిన షీటు. ఏ2 అయితే 594 × 420 మిల్లీమీటర్లు. బోర్డరు, టైటిల్ బ్లాకు, యజమాని పేరు అన్నీ ఆ షీటు మీదే. అందులో ఒక కిటికీ కోసినట్టు వ్యూపోర్ట్ పెడతావు, దాంట్లోంచి సైట్లో ఇల్లు కనిపిస్తుంది. లోపల డబుల్ క్లిక్ చేసి, జూమ్ కమాండ్ ఇచ్చి 1/100ఎక్స్‌పీ అని కొడితే 1:100 స్కేలు. పక్కన ఇంకో వ్యూపోర్ట్ పెట్టి వంటింటి మీద 1/50ఎక్స్‌పీ. కిటికీని సైట్లో ఒకసారి జరిపితే రెండింటిలోనూ జరుగుతుంది.

అడుగుల్లోనే గీస్తానంటావని తెలుసు. గీయొచ్చు, కానీ షీటు మిల్లీమీటర్లలో ఉంటే ఆ లెక్క వేరు. మొదట్లో మిల్లీమీటర్లలోనే గియ్యి.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఆటోక్యాడ్‌లో పేపర్ స్పేస్ 1990లోనే, రిలీజ్ 11తో వచ్చింది. నేను మన ఊళ్ళో కోర్సు చేసినప్పుడు దాని ఊసే ఎత్తలేదు. మోడల్‌లోనే బోర్డరుని 100 రెట్లు పెంచి ప్రింటు తీయడం నేర్పారు. ఇక్కడికొచ్చాక అది మర్చిపోవడానికే నాకు చాలా రోజులు పట్టింది.

కరెంటు కాపీ కూడా అక్కర్లేదు. లైట్లు, ఫ్యాన్లు ఒక లేయర్లో, మంచాలు, సోఫాలు ఇంకో లేయర్లో పెట్టు. లేయర్ల పట్టికలో వీపీ ఫ్రీజ్ అని ఉంటుంది, దానితో ఏ వ్యూపోర్టులో ఏది కనపడకూడదో ఆ ఒక్కదాంట్లోనే ఆపెయ్యొచ్చు. నువ్వు గ్రౌండ్ ఫ్లోర్ ట్రేసింగ్ మీద ఇంకో ట్రేసింగ్ పరిచి ఫస్ట్ ఫ్లోర్ గీసేవాడివి కదా, ఆ పద్ధతే ఇది.

అక్షరాల సైజు దగ్గరే అందరికీ టెన్షన్. షీటు మీద రాసేవి నేరుగా 2.5 మిల్లీమీటర్లు. మోడల్‌లో రాస్తే 1:100కి 250, 1:50కి 125 కావాలి. ఆటోక్యాడ్ 2008 నుంచి యానోటేటివ్ అని పెట్టారు, ఏ స్కేళ్ళు కావాలో చెబితే సైజు అదే సర్దుకుంటుంది. గది పేర్లు, కొలతలు నేను మోడల్‌లో వేస్తాను. నోట్సు, తలుపులు కిటికీల పట్టిక షీటు మీద పెడతాను. మా ఆఫీసులో కొందరు కొలతలు కూడా షీటు మీదే వేస్తారు, నాకు అది నచ్చదు. కొలత ఇంటిదే, ఇంటి దగ్గరే ఉండాలి.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. స్కేలు పెట్టగానే వ్యూపోర్టుని లాక్ చెయ్యి. నేను వచ్చిన కొత్తలో ఒక విల్లా మజ్లిస్ (అతిథుల్ని కూర్చోబెట్టే హాలు) షీటులో లాక్ చేయలేదు. లోపల ఏదో సరిచేస్తూ మౌస్ చక్రం తిప్పాను, స్కేలు కొంచెం జారింది. కంటికి ఏమీ తేడా తెలియదు. సైటు ఇంజనీరు ప్రింటు మీద స్కేలు పెట్టి కొలిచి, అంకెకీ గీతకీ పొంతన లేదని ఫోన్ చేశాడు. ఆయన చూడకపోయుంటే ఏమయ్యేదో అని ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు.

నీ ఆఫీసు పేరుతో టైటిల్ బ్లాకు చేసి, ఏ2, ఏ3 లేఅవుట్లు పెట్టిన ఫైలు మెయిల్‌లో పంపాను. నీ 1:100 ప్లానుని అందులో పేస్టు చేసి, స్కేల్ కమాండ్‌తో 100 రెట్లు పెంచు. టైపు చేసిన కొలతలన్నీ తీసేసి కొత్తగా వెయ్యి. మిగతా రెండు కాపీలూ ఉంచుకోవద్దు.

అదంతా ఆదివారం చేద్దువుగానీ, ముందు వంటింటి కిటికీ 3 అడుగులో 4 అడుగులో చూసి ఇవాళే మేస్త్రీకి ఫోన్ చెయ్యి. ఆయన దగ్గర ఏ ప్రింటు ఉందో కూడా అడుగు.

అమ్మని అడిగానని చెప్పు.

నీ
అమ్మడు