విద్యార్థి భార్యకు ఉన్నది హక్కు, దయ కాదు

సంపాదకులకు,

యూరప్ చదువుల మీద మీరు పోయిన ఆదివారం వేసిన కథనం ఆలస్యంగా చదివాను. అప్పటి నుంచీ మనసు కుదుటపడలేదు. చదువుకునేవాడు భార్యను తెచ్చుకోవడం అక్కడి అధికారుల దయ అన్నట్టు రాశారు. ఇక్కడి నుంచి వెళ్లిన మన అబ్బాయికైతే ఆ దేశం సొంత నిబంధనలు వర్తిస్తాయి, నిజమే. కానీ యూరోపియన్ యూనియన్ పౌరుడు మరో సభ్య దేశంలో చదువుకుంటూ మన అమ్మాయిని పెళ్లి చేసుకుంటే అది వేరే సంగతి. రెంటినీ ఒకే గాటన కట్టేశారు.

మా అల్లుడు పోలండ్ వాడు. ఇంకో సభ్య దేశంలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఆ దేశం పేరు రాయను, ఫైలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. పెళ్లి ఇక్కడే ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించాం. ముప్పై రోజుల నోటీసు, సర్టిఫికెట్‌కి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (మన కాగితం విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర), అన్నీ పద్ధతి ప్రకారం చేశాం. వీసా కౌంటర్లో ఉన్న అతను వాటిని తిప్పి కూడా చూడకుండా "మీ ఆయన జీతం స్లిప్పులు ఏవి?" అన్నాడు. చదువుకునేవాడికి జీతం స్లిప్పులు ఎక్కణ్నుంచి వస్తాయి? తర్వాత భాషా పరీక్ష సర్టిఫికెట్ అడిగాడు, ఫీజు కట్టమన్నాడు. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఒక్క అక్షరమే ఉంది, కాబట్టి ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నాడు. భార్యగా వెళ్లడానికి పదో తరగతి సర్టిఫికెట్ ఎందుకో మాత్రం చెప్పలేదు. అమ్మాయి అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది.

సభ్య దేశాలన్నీ పాటించాల్సిన యూరోపియన్ యూనియన్ చట్టం, 2004/38 డైరెక్టివ్‌లో ఇవేవీ లేవు. విద్యార్థికి కాలేజీలో అడ్మిషన్, ఆరోగ్య బీమా ఉండాలి. ఖర్చులకు డబ్బుందని అతను రాసి ఇస్తే చాలు, ఇంత ఉండాలని ఖాయంగా ఒక అంకె పెట్టకూడదు. భార్యకు వీసా ఉచితంగా, త్వరగా ఇవ్వాలి. అక్కడికి వెళ్లి దరఖాస్తు చేయగానే రసీదు, ఆరు నెలల్లోపు నివాస కార్డు ఇవ్వాలి. ఉద్యోగం చేసుకునే హక్కూ ఉంది. విద్యార్థి కుటుంబమంటే భార్య లేదా భర్త, రిజిస్టర్ చేసుకున్న భాగస్వామి, ఆధారపడిన పిల్లలు మాత్రమే. మాలాంటి పెద్దవాళ్లకు ఆ హక్కు లేదు, మేం అడగడమూ లేదు. ఆ భార్య లేదా భర్త అంతకుముందు ఏదో ఒక సభ్య దేశంలో చట్టబద్ధంగా ఉండి ఉండాలన్న షరతు చెల్లదని మెటాక్ కేసులో 2008లోనే యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. అంతకు ముందే, 1992లో, సురీందర్ సింగ్ అనే మన భారతీయుడి కేసులో వచ్చిన తీర్పు ఇలాంటి కుటుంబాలకు దారి చూపింది. ఇంత జరిగాక కూడా కౌంటర్లో కూర్చున్నవాళ్లు మామూలు డిపెండెంట్ వీసా చెక్‌లిస్టే చేతిలో పెడుతున్నారు.

అడుగుదామంటే మన వైపు కూడా దిక్కు లేదు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల పేరు చెప్పి సభలు పెట్టే నాయకులకు కొదవ లేదు. విదేశీయుణ్ని పెళ్లాడిన అమ్మాయికి ఏ కాగితం కావాలో చెప్పే మనిషి ఒక్కరూ లేరు. చివరికి అందరూ కన్సల్టెన్సీల గుమ్మం ఎక్కుతున్నారు. వాళ్లేమో వేలకు వేలు తీసుకుని తప్పు కేటగిరీలో దరఖాస్తు పెడుతున్నారు. అది తిరస్కరణకు గురైతే ఆ మచ్చ మాత్రం పిల్ల పాస్‌పోర్టు వెంటే తిరుగుతుంది. పత్రికలైనా చట్టం చదివి రాస్తాయనుకుంటే మీరూ ఏజెంట్ల మాటే అచ్చేశారు. ఒకప్పుడు మీ పేపర్లో తప్పు పడితే మర్నాడే సవరణ వేసేవారు.

ఆ కథనానికి సవరణ వేయండి. యూనియన్ పౌరుల భార్యలకు, భర్తలకు వర్తించే నియమాలు ఏమిటో విడిగా, తెలుగులో, మొదటి పేజీలోనే ఇవ్వండి. ఈ నెలలో వీసా అపాయింట్‌మెంట్లు ఉన్న పిల్లలు ఇంకా ఉన్నారు.

– ఒక తండ్రి, ఏలూరు